తాళి మీద ఒట్టు

పరుగు...

ఊపిరి అందడం లేదు. అయినా పరుగే!

మల్బరీ కొమ్మలు మొహానికి కొడుతున్నాయి. చీర కుచ్చిళ్ళు కాళ్ళకు అడ్డం పడుతున్నాయి. నవనీత వాటిని రెండు చేతులా మోకాళ్ళ పైకి ఎత్తి పట్టుకుంది.

వెనకాల టార్చిలైటు.

ఎడమకు ఊగుతుంది. కుడికి ఊగుతుంది. ఆమెనే వెతుకుతోంది.

"ఆ పక్కకి పోయినాది. నువ్వు గట్టు మీద రా... నేనిట్ల వస్తా."

నవనీత దభాలున మొక్కల మధ్య సాలులో పడుకుంది.

మట్టి వాసన. చెప్పులు ఎప్పుడు జారిపోయాయో తెలీదు. గుండె చప్పుడు వాళ్ళకి వినిపిస్తుందేమో...

వెలుగు తల మీద నుంచి పోయింది.

పోయింది... కానీ మళ్ళీ వస్తుంది.

పది నిమిషాల క్రితం ఆమె స్కూటర్ వెనక సీటులో ఉంది. వినోద్ భుజం మీద గడ్డం ఆనించుకుని.

పెళ్ళయి పన్నెండు రోజులు. మదనపల్లెలో పుట్టింటి నుంచి కుప్పంలో కొత్త కాపురానికి బయల్దేరారు. సామాను పొద్దున్నే లారీలో వెళ్ళిపోయింది. "బస్సు వద్దు, స్కూటర్ మీదే పోదాం" అని పట్టుబట్టింది తనే. పుంగనూరులో ఆగి ఒక్క కాఫీ చెప్పి, రెండు గ్లాసుల్లో పోయించుకున్నారు. డబ్బు లేక కాదు. అలా తాగితే బాగుంటుందని. వినోద్ మీసానికి నురగ అంటింది. ఆమె తుడవలేదు, చెప్పలేదు. పది కిలోమీటర్లు నవ్వుకుంటూనే ఉంది.

వి.కోట దాటేసరికి బాగా చీకటి పడింది. ఊళ్ళల్లో కరెంటు లేదు. నవంబరు చలి.

"ఇంకెంత దూరం?" అని అడిగింది.

"ఏం, తొందరగా ఉందా?"

"లేదు. ఇంకొంచెం దూరం ఉంటే బాగుండు."

అప్పుడే...

టప్!

ఏదో తెగింది. స్కూటర్ గాల్లోకి లేచింది. ఆకాశం, నేల కలిసి గిర్రున తిరిగాయి.

కళ్ళు తెరిచేసరికి కల్వర్టు పక్కన గుంతలో ఉంది. పైన రోడ్డుకి అడ్డంగా, ఈ చెట్టు నుంచి ఆ రాయి దాకా కట్టి, ఇప్పుడు తెగి వేలాడుతున్న ఇనుప తీగ.

నవ్వులు.

ఇద్దరి నవ్వులు. క్లాసులో వెనక బెంచీ మీద నుంచి వినిపించేలాంటి నవ్వులు.

"లాంగ్‌జంప్ సూసినావా? రెండు మూరలు లేసినాడు."

టార్చి వెలుగు వినోద్ మీద పడింది. నుదురు పగిలి ఉంది. ఎడమ కాలు ఉండకూడని వైపు తిరిగి ఉంది.

నవ్వు ఆగిపోయింది.

"జయన్నా... రక్తం వస్తాండాదన్నా." టార్చి పట్టుకున్నవాడి గొంతు. లేత గొంతు. వణుకుతోంది.

వాడు ఒక అడుగు వెనక్కి వేశాడు. వెలుగు జారి పక్కవాడి మొహం మీద పడింది. పాతికేళ్ళుంటాయి. సన్నటి మీసం. కనుబొమ మీద పాత గాటు.

ఆ మొహాన్ని నవనీత చూసింది.

ఆమె చూడటాన్ని అతను చూశాడు.

"ఆయమ్మ నన్ను సూసేసినాది" అన్నాడు మెల్లగా. వంగి ఒక రాయి చేతిలోకి తీసుకున్నాడు.

వినోద్ పెదాలు కదిలాయి. "పో... నీతూ... పో."

ఆమె లేచింది. పరిగెత్తింది. వెలుగు ఆమె వెంటే పడింది.

రానీ. తన వెనక ఉన్నంతసేపూ వాళ్ళు ఆయన దగ్గర ఉండరు!

కానీ ఎంతసేపు? ఆ రక్తం ఎంతసేపు ఆగుతుంది?

నవనీత తల ఎత్తింది. దూరంగా, తోట చివర... లాంతరు.

పాకింది. లేచింది. మళ్ళీ పరుగు.

పెంకుటిల్లు. దాని పక్కన పొడుగాటి రేకుల షెడ్డు. ముందర గట్టు మీద ఒకామె కూర్చుని మల్బరీ ఆకు దూస్తోంది. యాభై ఏళ్ళుంటాయి.

"అమ్మా... కాపాడండమ్మా..."

ఆమె ఉలిక్కిపడి లేచింది. "ఎవురు పాపా నువ్వు? ఏందీ అవతారం?"

"రోడ్డు మీద ఎవరో తీగ కట్టారు. మా ఆయన కల్వర్టు దగ్గర పడిపోయాడు. రక్తం కారిపోతోంది. నన్ను తరుముతున్నారు..."

ఆమె తోట వైపు చూసింది. వెలుగు ఇటే తిరుగుతోంది.

ఇంకేం అడగలేదు. ఉఫ్‌మని లాంతరు ఆర్పింది.

"నా పేరు కృష్ణమ్మ. రా. షెడ్డులోకి రా."

చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళింది. తలుపు తీసింది. నవనీత లోపలికి దూకబోయింది.

ఆ చెయ్యే అడ్డం పడింది.

"ఆగు. కాళ్ళు సున్నపు నీళ్ళల్లో పెట్టు."

"ఏంటి?"

"గడప కాడ తొట్టి ఉండాది సూడు. లోపల పట్టుపురుగులు ఉండాయి. నాలుగో జ్వరం లేసి, పొర ఇడిసి, తిండి మీద ఉండాయి. బయటి మట్టి తగిలిందంటే పొద్దుటికి ఒక్కటి మిగలదు. పెట్టు పాపా, రెండు కాళ్ళూ."

వెనకాల రాయి పట్టుకున్న మనిషి. ముందర పురుగుల గురించి మాట్లాడుతున్న మనిషి!

నవనీత పెట్టింది. అరికాళ్ళ గీతలు భగ్గుమన్నాయి. పళ్ళు బిగించి రెండో కాలు కూడా పెట్టింది.

లోపల వెచ్చగా ఉంది. చీకట్లో కప్పు దాకా వరసలు వరసలుగా తట్టలు. అన్ని వైపుల నుంచీ సన్నటి వాన శబ్దం.

"వానా?"

"కాదు. తినే సప్పుడు. ఈ కింది తట్ట కిందకి దూరు. కదలద్దు."

నవనీత దూరింది. తలకి తట్ట తగులుతోంది. కృష్ణమ్మ వంగి ఆమె తల నిమిరింది.

"భయపడద్దు. నా కొడుకు వస్తాడు, వాడికాడ బండి ఉండాది. పక్కింట్లో రెడ్డెప్పన్నకు ట్రాక్టరు ఉండాది. నేను పోయి పిల్చుకోనొస్తా. నీ పసుపుతాడు తడి కూడా ఆరలేదు. దేవుడు అంత కానోడు కాదులే."

ఆ మాటకి నవనీతకి అప్పటిదాకా రాని ఏడుపు వచ్చింది.

"తొందరగా అమ్మా..."

కృష్ణమ్మ వెళ్ళింది. తలుపు దగ్గరకు పడింది.

చీకటి.

వాన లాంటి శబ్దం.

ఒకటి... రెండు... మూడు... నవనీత అంకెలు లెక్కపెడుతోంది. వినోద్ ఊపిరి లెక్కపెడుతున్నట్టు.

నలభై దాకా వచ్చింది.

అడుగులు!

పరిగెత్తుకొస్తున్న అడుగులు. తిన్నగా షెడ్డు వైపే!

నోరు రెండు చేతులతో మూసుకుంది.

అడుగులు తలుపు దగ్గర ఆగాయి. తలుపు కిర్రుమంది.

ఆ తర్వాత...

చెప్పు విడిచిన చప్పుడు. ఒకటి. ఇంకొకటి.

నీళ్ళ చప్పుడు. ఒక కాలు. రెండో కాలు.

నవనీత చెయ్యి నోటి మీద నుంచి జారింది.

తరుముకొచ్చేవాడైతే తలుపు తన్నుకుని వస్తాడు. వీడు చెప్పులు విడిచాడు. కన్ను పొడుచుకున్నా కనిపించని చీకట్లో తొట్టి కోసం తడుముకోలేదు కూడా. ఎవరూ చెప్పకుండానే కాళ్ళు ముంచాడు.

వీడు ఈ ఇంటివాడు! కొడుకు! బండి ఉన్న కొడుకు!

"అన్నా" అందామని నోరు తెరిచింది...

"అమ్మా... యాడుండావు?"

నోరు తెరిచినట్టే ఉండిపోయింది.

లేత గొంతు. వణికే గొంతు.

జయన్నా, రక్తం వస్తాండాదన్నా... ఆ గొంతు!

ఒంట్లో ఉన్న వేడి అంతా పోయింది. తట్టకి తల తగలకుండా, ఊపిరి చప్పుడు రాకుండా, రాయిలా అయిపోయింది.

బయట ఇంకో అడుగుల చప్పుడు. కృష్ణమ్మ.

"ముని... వచ్చినావా నాయనా. మంచిదాయె. రెడ్డెప్పన్న సేన్లో ఉండాడంట, రమ్మని కబురు సెప్పినా. నువ్వు బండి తియ్. కల్వర్టు కాడ ఎవురో పడి..."

అగ్గిపుల్ల గీసిన చప్పుడు. లాంతరు వెలిగింది.

కృష్ణమ్మ మాట అక్కడే ఆగింది.

తట్ట కింద నుంచి నవనీతకి నాలుగు పాదాలు కనిపిస్తున్నాయి. నాలుగూ సున్నంతో తెల్లగా ఉన్నాయి.

"ఆ సెయ్యేంది? ఆ రక్తమేంది?"

"ఏం లేదు."

"సూపీ."

ముని పాదాలు ఒక అడుగు వెనక్కి జరిగాయి.

"తీగ కట్టింది మీరా?"

పురుగులు తింటున్నాయి. వెయ్యి నోళ్ళతో తింటున్నాయి.

"జయన్న కట్టినాడు. నేను ఒక కొస పట్టుకుంటి, అంతే. పడితే నవ్వుకుందామని."

"నవ్వుకుందామనా? మనిషి పడితే నవ్వుకుందామనా?"

"పోయిన ఏడు రోడ్డుకి అడ్డంగా టేపు రీలు కట్టినప్పుడు నువ్వు నవ్వలేదా? పాలు పోసే ఆయప్ప సైకిలు మీద నుంచి పడితే కొంగు నోట్లో కుక్కోని నవ్వితివి గదమ్మా."

కృష్ణమ్మ పాదాలు కదల్లేదు.

"అప్పుడు అందరూ నవ్విరి. ఇంటర్ ఫెయిలయిన నేను నలుగురు మెచ్చేట్టు ఏమైనా సేసినానంటే అదొక్కటే. తరవాత తాడు కడితిమి. ఒకాయప్పకి సెయ్యి ఇరిగె. ఆయప్ప కొడుకు ఇంటికొచ్చి అడిగితే, మావోడు సాయంత్రం నుంచి పండుకోనుండాడు అని నువ్వే సెప్తివి."

"నిన్ను స్టేషన్‌కి పట్టుకపోతారని సెప్పినా రా."

"ఆ పొద్దు పట్టుకపోయింటే..." ముని ఆ మాట పూర్తి చెయ్యలేదు. "ఆయప్ప ఇంకా బతికే ఉండాడమ్మా. నేను తిరిగి పోయి సూస్తి. నీళ్ళు అడిగినాడు. జయన్న కేకేసినాడు, వచ్చేస్తి."

బతికే ఉన్నాడు! నవనీత కళ్ళు గట్టిగా మూసుకుంది. బతికే ఉన్నాడు...

"జయచంద్ర యాడుండాడు?"

"తోటలో. ఆయప్ప పెండ్లాన్ని ఎతుకుతాండాడు. మొకం సూసేసినాదంట."

"ఎవురి మొకం?"

"జయన్నది."

"నీది?"

ఆ ఒక్క మాటకి షెడ్డులో గాలి మారిపోయింది.

"సూడలేదనుకుంటా. టార్చి నా సేతిలోనే ఉన్నింది."

నిజం. చూడలేదు. నవనీత వాడి మొహం చూడలేదు.

కానీ ఇప్పుడు పేరు విన్నది. గొంతు విన్నది. అంతా విన్నది. ఆ సంగతి ఈ షెడ్డులో ఒక్క మనిషికి తెలుసు.

రెండు తెల్లటి పాదాలు మెల్లగా తట్టల వైపు తిరిగాయి. కృష్ణమ్మ పాదాలు.

ఒక్క క్షణం అలాగే నిలబడ్డాయి.

"ఇంట్లోకి పో ముని" అంది. మామూలు గొంతు. "సెయ్యి కడుక్కో. సంగటి ఉండాది, తిను. ఎవురడిగినా సాయంత్రం నుంచి యాడికీ పోలేదు."

"అమ్మా, ఆయప్పకి నీళ్ళు..."

"నేను సూసుకుంటా. ఎప్పుడూ సూసుకోలేదా? పో."

వాడు వెళ్ళాడు.

లాంతరు వెళ్ళింది. ఆమె కూడా వెళ్ళింది.

తలుపు మూసుకుంది.

ఆ తర్వాత బయట నుంచి... గడియ!

నవనీత తట్ట కింద నుంచి తన్నుకుని బయటికి వచ్చింది. ఏదో తట్ట కిందపడింది. మెత్తగా, చల్లగా ఏవో చేతుల మీద పాకాయి. కేక గొంతులోనే నొక్కేసుకుని తలుపు మీద పడింది.

"అమ్మా... తియ్యండమ్మా..."

"అరవద్దు పాపా." తలుపుకి అవతల, చాలా దగ్గరగా. "జయచంద్రకి వినబడుతాది. వాడు నిన్ను బతకనీడు. నా కాడ నీకేం కాదు. పొద్దున్నే నేనే బస్సెక్కిస్తా."

"పొద్దుటికి ఆయన ఉండడు..."

నవనీత రెండు అరచేతులతో తలుపుని తోసింది.

"మీ కాళ్ళు పట్టుకుంటానమ్మా. నేనేం వినలేదు. మీ అబ్బాయి ఎవరో నాకు తెలీదు."

"ఇన్నావు. నీ యీడులో నేను కూడా అట్లే సెప్పింటా."

"మీకేం కావాలో చెప్పండి. చేస్తాను. ఏదైనా చేస్తాను."

తలుపుకి నుదురు ఆనించిన చప్పుడు.

"వానికి పంతొమ్మిదేండ్లు. వాళ్ళ నాయన పోయినప్పుడు ఎనిమిది. నాకు వాడు తప్ప ఎవురూ లేరు." గడియ కొంచెం కదిలి ఆగింది. "తాళి పట్టుకో."

"ఆ?"

"పట్టుకోని సెప్పు. తీగ కట్టింది జయచంద్ర ఒక్కడే. ఇంకొకడు లేడు. మాట తప్పితే ఏమవుతాదో అది కూడా నీ నోటితోనే సెప్పు. అప్పుడు తీస్తా."

నవనీత బీయెస్సీ చదివింది. తాళి మీద ఒట్టంటే కాలేజీలో పడీపడీ నవ్వింది.

ఇప్పుడు వేళ్ళు పసుపుతాడు మీదకి వెళ్ళాయి. పన్నెండు రోజుల తాడు. ఇంకా పసుపు వేళ్ళకి అంటుతోంది.

"తీగ కట్టింది... జయచంద్ర ఒక్కడే."

"ఊ."

"ఇంకొకరి పేరు నా నోట వస్తే..."

"ఊ. సెప్పు."

"...మా ఆయన నాకు దక్కడు."

గడియ తీసిన చప్పుడు.

కృష్ణమ్మ మొహమంతా కన్నీళ్ళు. నవనీత చెయ్యి గట్టిగా పట్టుకుంది. "బిరీన రా."

ట్రాక్టరు అప్పటికే వీధిలోకి వచ్చింది. ట్రాలీ తగిలించలేదు. మఫ్లరు కట్టుకున్న ముసలాయన సీటు మీద ఉన్నాడు. రెడ్డెప్ప. భుజాన నాటు తుపాకి. ఏనుగులు అడవి దిగే కాలం. రాగి చేను కాపలాకి వెళ్ళేవాళ్ళంతా మందు దట్టించే తీసుకెళ్తారు.

"కబురొచ్చింది. ఎవుడు సేసినాడు ఈ పని?"

"జయచంద్ర." కృష్ణమ్మే చెప్పింది.

"వాడొక్కడేనా?" రెడ్డెప్ప కళ్ళు నవనీత మీద ఆగాయి. "నువ్వు సెప్పమ్మా."

కృష్ణమ్మ వేళ్ళు ఆమె మణికట్టు మీద బిగుసుకున్నాయి.

"ఒక్కడే."

"అనుకున్నా. ఇప్పుడే నా సేన్లో టార్చేసుకోని తిరగతాండె. ఎవుడ్రా అంటే పరిగెత్తె. ఎక్కండి."

ఇద్దరూ చెరో మడ్‌గార్డు మీద కూర్చున్నారు. ట్రాక్టరు ఎగిరింది. ఒకే హెడ్‌లైటు. అది కూడా దీపంలా వణుకుతోంది.

ఇంకా వేగంగా... ఇంకా...

మట్టి రోడ్డు. మలుపు. తారు రోడ్డు.

కల్వర్టు!

పడిపోయిన స్కూటర్ అద్దం తళుక్కుమంది. గుంతలో వినోద్.

ఆయన మీద... ఎవరో!

మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు. వీపు మాత్రమే కనిపిస్తోంది. ఒక చెయ్యి వినోద్ మెడ కింద. రెండో చెయ్యి పైకి లేచి ఉంది. చేతిలో ఏదో గుండ్రంగా, నల్లగా...

రెడ్డెప్ప బ్రేకు తొక్కాడు. ఇంజన్ భడభడ కొట్టుకుంటూనే ఉంది.

"రేయ్, ఎవుడ్రా అది? లెయ్యి పైకి."

ఇంజన్ హోరులో ఆ మాట అక్కడికి చేరలేదు. ఆ వీపు కదల్లేదు.

రెడ్డెప్ప తుపాకి భుజానికి ఆనించాడు. అయినా వేలు తటపటాయిస్తోంది. "ఎవుడో ఏమో..."

"వాడే." కృష్ణమ్మ సీటు వైపు వంగింది. కళ్ళు ఆ వెలుగులో మండుతున్నాయి. జయచంద్ర నోరు పడిపోతే ఇంకే నోరూ ముని పేరు ఎత్తదు. ఆ లెక్క నవనీతకి ఆ కళ్ళలో కనిపించింది. "జయచంద్రే. సేతిలో రాయి సూడన్నా. ఆయప్ప తల పగలగొడతాండాడు. కాల్చు."

"కాళ్ళకి కొడతా" అన్నాడు రెడ్డెప్ప. గొట్టం కొంచెం కిందికి దించాడు.

నవనీత కళ్ళు చిట్లించి చూసింది.

పైకెత్తిన చెయ్యి వంగింది. ఆ గుండ్రటి దాని అంచు నుంచి ఏదో జారింది. వెలుగులో మెరిసింది.

నీళ్ళు!

అది రాయి కాదు... చెంబు!

వినోద్ గొంతు కదులుతోంది. తాగుతున్నాడు! ఆయన తలకి ఎవరిదో చొక్కా చుట్టి ఉంది. ఆ కుర్రాడి వీపు మీద చొక్కా లేదు.

జయచంద్ర ఎందుకు నీళ్ళు పడతాడు? ఎందుకు కట్టు కడతాడు?

సంగటి తినమంటే తినకుండా, పెరటి దారిన పరిగెత్తి వచ్చింది...

పేరు నాలుక చివరిదాకా వచ్చింది.

ఇంకొకరి పేరు నా నోట వస్తే...

నవనీత చెయ్యి తెలియకుండానే మెడ దగ్గరికి వెళ్ళింది. పసుపుతాడు దొరికింది. గుప్పిట బిగిసింది.

ఒక్క క్షణం.

ఒకే ఒక్క క్షణం.

గుంతలో కుర్రాడు ఇంకొంచెం నీళ్ళు పట్టడానికి కిందికి వంగాడు.

ఢాం!

చెంబు ఎగిరి రోడ్డు మీద పడి దొర్లింది. దొర్లుతూ దొర్లుతూ పోయి ట్రాక్టరు చక్రానికి తగిలి ఆగింది.

వినోద్ దగ్గాడు. బతికే ఉన్నాడు. "నీతూ..." అన్నాడు.

నవనీత దూకింది. పరిగెత్తింది. ఆయన తలని ఒళ్ళోకి తీసుకుంది. పక్కన పడి ఉన్న కుర్రాడి మొహం మొదటిసారి చూసింది. మీసం కూడా సరిగా రాలేదు.

వెనకాల కృష్ణమ్మ మడ్‌గార్డు దిగలేదు.

"సచ్చినాడా?" అని అడిగింది. గొంతులో తేలిక. "జయచంద్ర సచ్చినాడా అన్నా?"

రెడ్డెప్ప తుపాకి దించి ఇంజన్ ఆపాడు.

ఆ నిశ్శబ్దంలో, గుంతలోంచి, చాలా చిన్నగా...

"అమ్మా..."